అంగడివాని బాధ్యత

మద్యపానపు మాట వచ్చినప్పుడెల్ల మనము త్రాగువానిని నిందింతుము. అటుపిమ్మట ప్రభుత్వమును నిందింతుము. ఈ యిరువురి నడుమ నిలిచి, రూకలు పుచ్చుకొని సీసా యందించు అంగడివానిని మాత్రము మరతుము. ఎవనికి విక్రయింపరాదని శాసనము చెప్పుచున్నదో వానికి విక్రయింపకుండుట యెవరి చేతిలో నున్నది? శాసనము వ్రాసినవారి చేతిలో గాదు, మంత్రుల చేతిలో గాదు. ఆ యంగడివాని చేతిలోనే యున్నది.

కొలది కాలము క్రిందట మనోవర్తి వ్యాజ్యమునకై నాకడకు వచ్చిన యొక యిల్లాలు ఇట్లడిగెను: "అయ్యా! మా యాయనకు అమ్మవద్దని దుకాణమువానికి చూపుటకు ఏదైన కాయితమిప్పింతురా?" నేను శాసనములను తలపోసి చూచితిని. 2005వ సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము క్రింద మెజిస్ట్రేటు ఇచ్చు రక్షణోత్తరువు భర్తను కట్టడిచేయును. వీథి మొగనున్న దుకాణమును కట్టడిచేయదు. ఆమె యడిగిన కాయితము మన న్యాయస్థానములలో లేదు. ఇంత చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పలేక తలవంచుకొనవలసి వచ్చెను.

పోనీ, ఉన్న నిషేధమైనను అమలు జరుగుచున్నదా? మన రెండు తెలుగు రాష్ట్రములందును 21 ఏండ్లు నిండనివానికి మద్యము విక్రయింపరాదు. చదువరులను ఒక్కమాట యడిగెదను. "నాయనా, నీ వయస్సెంత? రుజువు చూపుము" అని బేరగాని నడిగిన దుకాణదారుని మీలో నెందరు కన్నులార చూచియున్నారు? మీసకట్టు మొలవని పిల్లవాడు సీసా సంచిలో వేసికొని పోవుట మాత్రము ఎల్లరును చూచినదే. నిషేధము చట్టపుస్తకమున నున్నది, దుకాణమున లేదు.

ఇది అసాధ్యమని చెప్పువారు ఆస్ట్రేలియా దేశపు ఉత్తర ప్రాంతమున, అనగా నార్దరన్ టెరిటరీ యందు, జరిగినదానిని గమనింపవలయును. అచట మద్యము కొనరాని వారి పట్టికనొకదానిని 2011 జులై 1వ తేదీన నెలకొల్పిరి. 2012లో ప్రభుత్వము మారగానే దానిని రద్దుచేసిరి. 2017 సెప్టెంబరు 1వ తేదీన మరల నెలకొల్పిరి. త్రాగి పలుమార్లు పోలీసుల చేజిక్కినవారు, త్రాగి బండి నడిపినవారు, న్యాయస్థానము నిషేధించినవారు, వైద్యులు సిఫారసు చేసినవారు ఆ పట్టిక కెక్కుదురు. తన్ను తాను నిలుపుకొనలేక, నా పేరు వ్రాసికొనుడని స్వయముగ వచ్చువారికిని అందు చోటు కలదు. సీసా ఇంటికి కొనిపోగోరు ప్రతివాడును గుర్తింపు పత్రము చూపవలయును. దుకాణదారుడు దానిని యంత్రమునకు చూపును. అమ్మవచ్చునో, అమ్మరాదో యంత్రము చెప్పును. అమ్మరాదన్నచో అమ్మకుండుట వాని విధి.

ఈ యేర్పాటులో రెండు గుణములు నాకు నచ్చినవి. అడుగుట అందరిని అడుగుదురు. కావున ఎవనికిని ప్రత్యేకముగ అవమానము లేదు. మరియు కారణము దుకాణదారునికి తెలియదు. కావున ఒకని గుట్టు వీథిని పడదు. లోపములును లేకపోలేదు. పట్టికలోని వారిలో అధికభాగము ఆ దేశపు ఆదిమవాసులే. పరదేశీయుల యేలుబడి యెట్టిదో యెరిగిన మనము ఈ సంగతిని తేలికగ విడువరాదు. తమ గడ్డపై తాము దిక్కులేనివారైన ప్రజల బాధ పట్టికలతో తీరునది కాదు. ఒకడు కొని నిషిద్ధుడైన మరియొకని కందించుటయు కలదు. అదియు అచట నేరమే. తలుపునకు గడియ వేసినను దొంగ గోడ దూకవచ్చును. అంతమాత్రమున గడియ వలదనువారెవరు?

"నేను వర్తకుడను, పోలీసువాడను గాను" అని మన దుకాణదారులు చెప్పుదురు. ఈ వాదము చెల్లదు. మద్యము బియ్యము వంటిది గాదు, వస్త్రము వంటిది గాదు. ఇది పౌరుని సహజహక్కుగల వర్తకము కాదని సుప్రీంకోర్టు 1954లో కూవర్జీ భరూచా వ్యాజ్యమునను, 1975లో హరిశంకర్ వ్యాజ్యమునను స్పష్టపరచెను. లైసెన్సనగా ప్రజలు షరతులతో నిచ్చిన అనుమతి. లాభము నాది, షరతులు మరియొకనివి యనుట న్యాయమగునా?

ఇచట మరియొక అన్యాయము కలదు. తనిఖీ జరిగినప్పుడు పట్టుబడువాడు బల్లకడ నిలుచు గుమాస్తా. అమ్మకము పెంచుమని ఒత్తిడి చేయువాడు యజమాని. కూలికి నిలిచినవానికి శిక్షయు, లాభము తిన్నవానికి క్షమయు తగదు. శిక్ష లైసెన్సుపై పడవలయును.

మన పోరాటముల చరిత్రను తలచుకొనుడు. 1921లోను, 1930లోను మన వాలంటీర్లు మద్యపు దుకాణముల యెదుట నిలిచి చేతులు జోడించి బేరగాండ్రను వెనుకకు మరలించిరి. 1937లో రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో నిషేధము నారంభించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. వారి వెనుక రాష్ట్రమంతయు లేచెను. 1993లో సారాయి పోయెను; 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను; 1997లో అది సడలిపోయెను. 2023లో తెలంగాణమున 2,620 దుకాణములకును, 2024లో ఆంధ్రప్రదేశమున 3,396 దుకాణములకును లాటరీ తీసి ప్రైవేటువారికి లైసెన్సులిచ్చిరి. నిషేధము వచ్చుచు పోవుచున్నది. దుకాణము మాత్రము నిలిచియున్నది. సంపూర్ణ నిషేధమే మన గమ్యము కావచ్చును. రాజ్యాంగపు 47వ అధికరణము చూపు త్రోవయు అదియే. కాని గమ్యము చేరువరకు దారిలో పడిపోవువారిని చూచుచు ఊరకుండుమని యెవరు చెప్పిరి?

కావున ప్రభుత్వములను మనము కోరవలసినవి మూడు. మొదటిది, ప్రతి బేరగాని వయస్సును రుజువుతో తెలిసికొనుట ప్రతి దుకాణమునందును విధిగ జరుగవలయును. రెండవది, నిషిద్ధునికి అమ్మిన దుకాణపు లైసెన్సు మొదటి తప్పునకు కొంతకాలము, మరల చేసినచో శాశ్వతముగ పోవలయును. మూడవది, తనకమ్మవలదని స్వయముగ కోరుకొనువానికిని, విచారణ జరిపి న్యాయస్థానము నిషేధించినవానికిని దుకాణము తలుపు మూసియుండునట్లు చట్టము చేయవలయును. విచారణ లేనిదే, అప్పీలు లేనిదే యెవని పేరును వ్రాయరాదు. ఆదాయము తగ్గునని ఆబ్కారీ శాఖ వెనుదీయవచ్చును. నిషిద్ధుని చేతినుండి వచ్చిన రూక ఆదాయము గాదు. ఒక యింటి పొయ్యినుండి లాగికొన్న కట్టె.

గ్రంథాలయమున ఈ పత్రిక చదువు సోదరులారా! నేడు ఇంటికి పోవుత్రోవలో మీ వీథి దుకాణము కడ ఒక్క గడియ నిలువుడు. కోపము వలదు, కేకలు వలదు. వయస్సు అడుగుచున్నారా లేదా యని చూడుడు. అడుగకున్నచో యజమానికి మర్యాదగ చెప్పుడు. వినకున్నచో తేదీతో, వేళతో అర్జీ వ్రాసి అధికారుల కందజేయుడు. ఆ యిల్లాలడిగిన కాయితము శాసనసభనుండి యెప్పుడు వచ్చునో చెప్పజాలము. దానిని రప్పించుట మన పని. అంతవరకు ఉన్న చట్టమును నిలువబెట్టుటయు మన పనియే.