చేను లేని పల్లె బొమ్మ

ఫోను తెరిస్తే చాలు, పల్లె కనిపిస్తున్నది. కట్టెల పొయ్యి మీద నాటుకోడి కూర, జొన్నరొట్టె, బతుకమ్మ ఆట, తండాలో తీజ్ పాట. మన పండుగలు, మన తిండి నలుగురికీ తెలుస్తున్నందుకు సంతోషమే. కానీ ఆ బొమ్మల్లో చేను లేదు. పండించే మనిషి, ఆ మనిషి మీదున్న అప్పు, పంటకు రాని ధర అందులో కనిపించవు.

ఈ సంగతి రైతు సంఘానికెందుకని ఎవరైనా అడగవచ్చు. బతుకమ్మనే తీసుకుందాం. గునుగు మెట్ట చేలల్లో తనంతట తానే మొలుస్తుంది. తంగేడు గట్ల మీద, బీళ్లలో పెరుగుతుంది. గడ్డిమందు వాడకం పెరిగి, బీళ్లు ప్లాట్లయ్యాక ఈ పూలను అంగట్లో కొనుక్కునే రోజులొచ్చాయి. డోర్నకల్ చుట్టుపట్ల తండాల్లో తీజ్ అంటే పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచే పండుగ. వీడియోలో మిగిలేది ఆఖరి రోజు ఆట, అద్దాల దుస్తులు. విత్తనం కథ కత్తెరలో పోతున్నది. సాగును తీసేసి సంస్కృతిని చూపితే అది సగం అబద్ధమే.

2024 సెప్టెంబరు 1న వరదకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైల్వే కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడిన దృశ్యం దేశమంతా చూసింది. పట్టాలు కొద్ది రోజుల్లోనే బాగయ్యాయి. ఆకేరు పొంగి పొలాల్లో వేసిన ఇసుక మేటలను ఎంతమంది చూశారు? కనపడని నష్టానికి పరిహారం అడగడం ఎంత కష్టమో మనకు తెలుసు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉన్నది. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో చేరి మన మిరప తోటలను ఊడ్చేసింది. అలాంటప్పుడు దిక్కుతోచని రైతు ఫోనునే నమ్ముకుంటాడు. తలగుడ్డ చుట్టుకొని, వెనక తోట పెట్టుకొని, ఫలానా మందుతో ఎకరానికి ఇన్ని క్వింటాళ్లు తీశానని ఒకాయన చెబుతాడు. ఆయన నిజంగా రైతా, డబ్బు తీసుకొని చెబుతున్నాడా అన్నది చూసేవారికి తెలియదు. పల్లె వేషమే సరుకు అమ్మే ముసుగైంది. డబ్బు గాని, వస్తువు గాని తీసుకొని ప్రచారం చేసేవారు ఆ మాట స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో సూచనలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే వీలు చట్టంలో ఉన్నది. విత్తనాలు, పురుగుమందుల వీడియోల మీద దీన్ని గట్టిగా అమలు చేయాలి.

కష్టాలు చూపిస్తే ఎవరు చూస్తారన్న మాట వినిపిస్తుంటుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో మన యాసలోనే, మన నవ్వుతోనే లక్షల మందికి చేరింది. కూలి పని చేసుకున్న గంగవ్వను తెలుగు ప్రజలు గుర్తుపట్టారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు కెమెరా పట్టి తమ చిరుధాన్యాల సాగును తామే చిత్రించారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. పెద్ద చదువులు లేకున్నా వారికి చెప్పే సరుకున్నది, చెప్పే హక్కున్నది.

కాబట్టి మన గ్రామ శాఖలకు మా విజ్ఞప్తి. ఊరికి ఇద్దరు యువకులను, యువతులను ఈ పనికి ముందుకు తేవాలి. మిరప వంటకం చూపితే నారు నుంచి మార్కెట్ దాకా చూపాలి. కౌలు ఎంత, ఏరుడు కూలి ఎంత, మార్కెట్లో దక్కిందెంత అన్నది చెప్పాలి. తండా పాట తీస్తే గోర్‌బోలీలోనే ఉంచి, కింద తెలుగులో అర్థం రాయాలి. పాడినవారిని అడిగి తీయాలి, ఆదాయం వస్తే వారికీ వాటా ఇవ్వాలి. మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట అడిగి తెలుసుకోకుండా ఏ మందు పేరూ చెప్పకూడదు.

మన పల్లె గురించి మనం మాట్లాడకపోతే, దాన్ని అమ్ముకునేవాళ్లే మాట్లాడతారు. ఫోను ఇప్పటికే మన చేతిలో ఉన్నది. దాన్ని చేను వైపు తిప్పుదాం.