నీళ్ళు సగం, నల్లా బిల్లు నిండు!

కరువొస్తే ఊర్ల రైతుకు పంట పోతది. పట్నంల ఉన్నోనికి నల్లా నీళ్ళు పోతయి. నల్లా బిల్లు మాత్రం పోదు! బిందెల వరుసల నిలబడ్డ ఓరుగల్లు ఆడబిడ్డలకు ఇది కొత్త ముచ్చట కాదు. అయినా ఇయ్యాళ మళ్ళ మాట్లాడుకోవాలె. ఎందుకంటే కరువుల గూడ చార్జీలు పెంచలేదని చెప్పుకునుడు మన పాలకులకు, వాళ్ళు ఏ జెండా వాళ్ళయినా, అలవాటైపోయింది. పెంచలేదా? లెక్క తీద్దాం.

2015 యాది చేసుకోండి. వానలు మొఖం చాటేసినయి. నవంబరుల రాష్ట్ర ప్రభుత్వమే ఏడు జిల్లాల్లో 231 మండలాలను కరువు మండలాలని ప్రకటించింది. అందుల వరంగల్ జిల్లా గూడ ఉన్నది. మన నగరానికి నీళ్ళొచ్చే తొవ్వ అందరికీ ఎరుకే. శ్రీరాంసాగర్ నుంచి లోయర్ మానేరు, అక్కడి నుంచి కాకతీయ కాలువ, అటెన్క ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులు. పైన అడుగంటితే కింద వాల్వు ఎంత తిప్పినా గాలే వస్తది.

ఇగ అసలు సంగతి. నగరంల ఎక్కువ ఇండ్ల నల్లాలకు మీటర్లు లేవు. నెలకు ఇంత అని కట్టుడే. రోజూ వస్తే ముప్పై దినాల నీళ్ళకు కట్టిన పైసలే, రోజు విడిచి రోజు వచ్చిననాడు పదిహేను దినాల నీళ్ళకు కడుతున్నం. అంటే బిందె ధర రెండింతలు అయినట్టే కదా? దీనికి కౌన్సిల్ మీటింగు లేదు, తీర్మానం లేదు, పేపర్ల ప్రకటన లేదు, ధర్నా చేద్దామంటే పెంచినట్టు కాయితం గూడ లేదు. ఇంతకంటే సులువైన చార్జీల పెంపు దేశంల ఇంకోటి ఉన్నదా? దీనిమీద ట్యాంకర్ ఖర్చు వేరే, క్యాన్ నీళ్ళ ఖర్చు వేరే. బోరున్నోడు స్విచ్చి ఏస్తడు. బోరు లేనోడు రెండుసార్లు కడతడు. హన్మకొండ కిరాయి రూముల్ల చదువుకునే పిల్లలకైతే ఓనరే మునిసిపాలిటీ. ఆయన ఎంతంటే అంత.

రోజూ నీళ్ళొస్తయని 2021ల, సరిగ్గ గ్రేటర్ వరంగల్ ఎన్నికల ముందు, అట్టహాసంగ పథకం మొదలుపెట్టిండ్రు. మరి అంతకుముందు నల్లా రాని దినాలకు వసూలు చేసిన పైసల సంగతేంది? ఎవరన్న అడిగిండ్రా? ఎవరన్న చెప్పిండ్రా?

మీటర్లు పెడితే న్యాయం జరుగుతది, తక్కువ వాడినోనికి తక్కువ బిల్లు వస్తదని కొందరు పెద్దమనుషులు అంటరు. వినడానికి బాగనే ఉంటది. కని కరువుల అది గూడ తలకిందులైతది. నీళ్ళ శాఖ ఖర్చుల ఎక్కువ భాగం నీళ్ళు వచ్చినా రాకున్నా అయ్యేదే. పైపులైన్ల అప్పు, ఫిల్టర్‌బెడ్ల మరమ్మతు, జీతాలు ఏవీ ఆగవు. ఉదాహరణకు నూరు రూపాయల ఖర్చుల ఎనభై అట్లాంటిదే అనుకోండి. నూరు బిందెలు అమ్మితే బిందెకు రూపాయి. కరువొచ్చి, మనమే పొదుపు చేసి, డెబ్బయి అయిదు బిందెలే వాడినమనుకుందాం. ఖర్చు తొంభై అయిదు దగ్గర్నే ఆగుతది, రాబడి డెబ్బయి అయిదుకు పడుతది. ఆ ఇరవై లోటు పూడ్చాలంటే బిందె రూపాయి ఇరవై ఏడు పైసలు కావాలె. పొదుపు చేసినోనికే జుర్మానా!

ఇది ఊహ కాదు. దక్షిణాఫ్రికాల కేప్‌టౌన్ నగరం 2018 ఫిబ్రవరి నుంచి మనిషికి దినాం 50 లీటర్లే అన్నది. జనం మాట విన్నరు, వాడకం తగ్గించిండ్రు, నగరం గండం గడిచింది. ఆ ఏడు జూలై నుంచి పైపు సైజును బట్టి స్థిర చార్జీ పడ్డది. అమెరికాల కాలిఫోర్నియా 2015 ఏప్రిల్‌ల పట్టణాలు 25 శాతం వాడకం తగ్గించాలని హుకుం ఇచ్చింది. అమ్మకాలు పడిపోయిన నీళ్ళ సంస్థలు కరువు సర్‌చార్జీ ఏసినయి. డాలర్లున్న దేశంల నడిచింది కావచ్చు. హమాలీ మీద, బీడీల మీద బతికే గల్లీల నడుస్తదా?

నడిపిద్దామనే చూసిండ్రు. 2005 డిసెంబరుల వచ్చిన జె.ఎన్.ఎన్.యు.ఆర్.ఎం. షరతు ఏందో ఎంతమందికి యాదున్నది? ఏడేండ్లల్ల నిర్వహణ ఖర్చు మొత్తం వాడుకదార్ల నుంచే రాబట్టాలె. కరువు ఏడు మినహాయింపు అన్న మాట మాత్రం ఇయ్యాళటికీ ఎవ్వరి నోట రాదు. అంతకుముందు కరెంటుకు ఇదే సూత్రం పెడితేనే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌ల తుపాకులు పేలి ముగ్గురు నేలకొరిగిండ్రు. ఆ చార్జీల లొల్లిల నుంచే 2001 ఏప్రిల్‌ల ఉద్యమ పార్టీ పుట్టింది. బిల్లు చిన్న సంగతి అనుకునేటోళ్ళు ఆ చరిత్ర ఒకపారి తిరగెయ్యాలె.

కార్పొరేషన్‌కు ఖర్చు లేదని మేం అంటలేం. కాలువల పారి వచ్చే నీళ్ళకు కరెంటు బిల్లు ఉండది, దేవాదుల కాడ గోదావరి నుంచి ఎత్తిపోసే నీళ్ళకు ఉంటది. కరువు ముదిరిన కొద్ది మోటార్ల మీద ఆధారపడుడు పెరుగుతది. వాల్వులు తిప్పే అవుట్‌సోర్సింగ్ తమ్ముళ్ళ జీతాలు కోసి లోటు పూడ్చమని అసలే అంటలేం. మా పేచీ ఒక్కటే: ఆ ఖర్చు ఎవరు భరించాలె? పంట నష్టం కరువు సాయం కిందికి వచ్చినప్పుడు నగర నీళ్ళ లోటు ఎందుకు రాదు?

హైదరాబాదుకు పైసలున్నయి కదా! 2021 జనవరిల అక్కడ ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం అన్నరు. సంతోషమే, మనోళ్ళే తాగుతున్నరు. కని ఎల్లంపల్లి నుంచి గోదావరిని 186 కిలోమీటర్లు పైపుల తీస్కపోయి ఉచితంగ ఇయ్యొచ్చినప్పుడు, గోదావరి పక్క జిల్లాల ఉన్న ఓరుగల్లు ఏం పాపం చేసింది? 2009ల కాకతీయ యూనివర్సిటీ టెంట్ల కింద కూసున్న మాకు ‘నీళ్ళు’ అనే మాట రాజధాని సరిహద్దు కాడ ఆగిపోతదని ఎవ్వరూ చెప్పలె.

నల్లా రాని దినాలకు బిల్లు కోత పెట్టాలె. కరువు ఏడు లోటు రాష్ట్ర ఖజానా నుంచి కట్టాలె. రోజూ నీళ్ళియ్యకుండ మీటరు ముచ్చట ఎత్తొద్దు. తాగుడు, వండుడు, తానం వరకు ఇక్కడ గూడ ఉచితం కావాలె. రాబోయే బడ్జెట్ మీటింగుల ఏ కార్పొరేటర్ ఇది లేవనెత్తుతడో చూద్దాం. అప్పటిదాకా కాలనీ సంఘాలు, హాస్టల్ పిల్లలు, ఉద్యోగ సంఘాలు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ తారీకున నల్లా వచ్చింది, ఎన్ని నిమిషాలు వచ్చింది, ఎన్ని బిందెలు నిండినయి, ట్యాంకరుకు ఎంత పెట్టినం, అన్నీ రాయుండ్రి. బిల్లు కలెక్టర్ వచ్చిననాడు బిల్లు పక్కన ఆ బుక్కు పెట్టి అడుగుదాం.