కోళ్ళ మశూచికి ఊరంతటికి ఒకే టీకా దినము



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఆ వానను, వేరుసెనగను నమ్ముకొన్న ఇంట పంట చేతికి రాని యేడు ఉప్పుకు, పిల్లల పుస్తకములకు పైకము ఇచ్చునవి పెరటిలోని నాలుగు కోళ్ళే. సాధారణముగా అవి ఇల్లాలి ఆస్తి. అవి చచ్చినపుడు ఆమె నష్టమును అడుగువారు అరుదు. అందుచేతనే కాబోలు, కోళ్ళ మశూచిని మనము చిన్న విషయముగా చూచుచున్నాము. ఇది చిన్న విషయము కాదనియు, దీనిని ఆపుట ఒక్కొక్క ఇంటివల్ల గాక ఊరంతయు కలిసిననే జరుగుననియు నా అభిప్రాయము.

మొదట జబ్బును గుర్తుపట్టవలెను. ఇది రెండు విధములు. మొదటిది పైకి కనబడునది. ఈకలు లేని తావులలో, అనగా జుట్టు, తమ్మెలు, కనురెప్పలు, ముక్కు మూలలు, ఒక్కొక్కపుడు కాళ్ళ మీద చిన్న పొక్కులు లేచి, పెరిగి, నల్లని పక్కులు కట్టును. బాగుగా చూచుకొన్నచో ఇట్టి కోళ్ళు చాలవరకు మూడు నాలుగు వారములలో తేరుకొనును. రెండవది లోపలిది. నోటిలోను, గొంతులోను పసుపుపచ్చని పొర ఏర్పడి, కోడి ఊపిరాడక నోరు తెరచుకొని యుండును. పైన పొక్కు లేనందున పలువురు దీనిని జలుబనుకొందురు. ఇందులో జబ్బుపడిన పక్షులలో సగము వరకు చావవచ్చును.

దీనిని కొక్కెర తెగులుతో పొరబడరాదు. కొక్కెర తెగులులో పచ్చని పారుడు, మెడ మెలితిరుగుట కనబడును. కొద్ది దినములలోనే గూడు ఖాళీ యగును. మశూచి నెమ్మదిగా ఒక గూటినుండి మరియొక గూటికి పాకును.

ఎట్లు పాకును? ముఖ్యముగా దోమవలన. జబ్బు కోడిని కుట్టిన దోమ మంచి కోడిని కుట్టిన చాలును. సెప్టెంబరు వానలకు మల్బరీ తోట కాలువలలోను, ఇండ్ల ప్రక్క మురుగు గుంటలలోను నీరు నిలిచినపుడు ఈ జబ్బుకు అదను. పుంజులు పొడుచుకొన్నపుడు పడిన గాయముల ద్వారా కూడ ఇది సోకును. రాలిన పక్కులలో దీని వైరస్ నెలల తరబడి బ్రతికియుండును. కావున జబ్బు కోడిని సంతకు తీసికొనిపోవువాడు తన ఊరి జబ్బును పది ఊళ్ళకు పంచినవాడగును.

పలు ఊళ్ళలో "అమ్మవారు పోసినది, తానే పోవును" అని ఊరకుందురు. మ్రొక్కు తీర్చుకొనుటకు నేను అడ్డు చెప్పను. కాని మనుష్యుల మశూచిని కూడ మన పెద్దలు అమ్మవారనియే కొలిచిరి. అది మన దేశమును 1975లో విడిచినది. లోకమంతటా తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించినది. అది తానుగా పోలేదు. ఊరూర టీకాలు వేసినందున పోయినది. కోళ్ళ మశూచి వేరు వైరస్‌వలన కలుగునది, మనుష్యులకు సోకదు. అయినను దానిని ఆపు మార్గము అదే.

జబ్బు వచ్చిన తరువాత వైరస్‌ను చంపు మందు లేదు. చేయదగినది సేవ మాత్రమే. జబ్బు కోడిని వెంటనే వేరుచేయుడు. పక్కులను గిల్లి పెరుకవద్దు. వాటిపై టింక్చరు అయొడిన్ అద్దుడు, కన్నులలో పడనీయకుడు. కన్నులను గోరువెచ్చని ఉప్పునీటితో తుడువుడు. కన్నులు మూసుకొనిపోయిన కోడి చాలసార్లు జబ్బుతో గాక ఆకలితో చచ్చును. కావున నీటిని ముక్కు ముందర ఉంచి, రాగి సంకటిని మెత్తగా చేసి చేతితో తినిపింపుడు. రాలిన పక్కులను, చచ్చిన కోళ్ళను కాల్చివేయుడు, లేదా లోతుగా పూడ్చుడు.

ఇక అసలు మాట. ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సు పిల్లలకు రెక్క మడత చర్మములో రెండు మొనల సూదితో పొడిచి వేయు టీకా కలదు. అయితే ఈ మందు సాధారణముగా నూరు లేక అంతకుమించిన మోతాదుల సీసాలలో వచ్చును. కలిపిన తరువాత రెండు గంటలలో వాడవలెను. ఆరు కోళ్ళున్న ఇల్లాలు ఒక్కతె వెళ్ళి అడిగినచో, ఆరింటికి వేసి మిగిలినది పారబోయవలెను. ఆమె అడుగుటకు జంకును, సిబ్బంది సీసా తెరచుటకు వెనుదీయును. ఇందులో ఎవరి తప్పు లేదు. కాని పదునైదు ఇండ్లు కూడినచో సీసా నిండుగా ఖర్చగును.

కావున పంచాయతీ పెద్దలకు, గ్రామోద్యోగులకు నా మనవి: తొలకరికి ముందు ఒక దినము, చలికాలపు మొదట మరియొక దినము నిర్ణయింపుడు. కోళ్ళ లెక్క ముందే వ్రాసికొని పశువైద్యశాలకు తెలుపుడు. ముందునాడు చాటింపు వేయించుడు. తెల్లవారుజామున, కోళ్ళు గంపల క్రింద ఉండగనే పని ముగింపుడు. మందును మంచుపెట్టెలో, ఎండ తగులకుండ ఉంచవలెను. జబ్బు కోళ్ళకు టీకా వేయరాదు.

"టీకా వేసిన వారమునకే మా పెట్టకు పొక్కులు లేచినవి" అని కొందరు నిందింతురు. జబ్బు సోకిన నాలుగు నుండి పది దినములకు గాని పొక్కు కనబడదు. అప్పటికే సోకియున్న కోడిని టీకా కాపాడలేదు. అందుకే జబ్బు రాకముందే వేయించవలెను. వేసిన ఏడు నుండి పది దినములకు రెక్కను విప్పి చూడుడు. పొడిచిన చోట వాపు, పక్కు ఉన్నచో టీకా పట్టినది. లేనిచో తిరిగి వేయించవలెను.

మీ ఊరిలో ఈ దినమును ఎవరు నిర్ణయింతురు? తరువాతి పంచాయతీ సమావేశమున ఈ ప్రశ్న అడుగుడు. అడుగుటకు మీ ఇంటి ఇల్లాలిని కూడ వెంట తీసికొనిపొండు, కోళ్ళు ఆమెవి.