అడగడానికి సంకోచమెందుకు?

కొంతకాలంగా మా పత్రికకు వస్తున్న ఉత్తరాల్లో ఒక కొత్త ప్రశ్న కనిపిస్తున్నది. రాస్తున్నవారు ఎక్కువగా యువ ఉద్యోగులు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థల్లోనో, బ్యాంకుల్లోనో, విజయవాడ, విశాఖల్లోని కార్యాలయాల్లోనో పనిచేస్తున్నవారు. ఏటా ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగే మారథాన్‌లోనో, తమ ఊళ్లో ఎవరో నిర్వహించే పది కిలోమీటర్ల పరుగులోనో పాల్గొని, ఆ పరుగు పేరిట స్నేహితుల నుంచీ సహోద్యోగుల నుంచీ చందాలు సేకరించి, ఫీజు కట్టలేక చదువు ఆపేయవలసిన స్థితిలో ఉన్న ముస్లిం విద్యార్థులకు అందజేయాలన్నది వారి ఆలోచన. ఆలోచన మంచిదేనన్న నమ్మకం వారికి ఉన్నది. సందేహమంతా అడగడం దగ్గరే. కార్యాలయంలో తమ విభాగం మొత్తానికి తామొక్కరే ముస్లింలమని, మన పిల్లల కోసం మిగతావారిని డబ్బు అడిగితే ఏమనుకుంటారోనని కొందరు రాశారు. మనవాళ్లను మాత్రమే అడిగి ఊరుకోవడం గౌరవప్రదం కదా అని మరికొందరు. విజ్ఞప్తిలో ‘ముస్లిం’ అన్న మాట తీసేసి ‘పేద విద్యార్థులు’ అని రాస్తే సరిపోతుందేమోనని ఒక సోదరి సూచన.

అడగాలనే మేమంటాం. అందరినీ అడగాలి. ఆ మాటను దాచకుండా అడగాలి.

అసలు ఈ అవసరం ఎందుకు వచ్చిపడిందో ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల ప్రీమెట్రిక్ ఉపకారవేతనాలను 1 నుంచి 8వ తరగతి వరకు నిలిపివేసింది. విద్యాహక్కు చట్టం కింద ఆ తరగతుల్లో చదువు ఉచితమే కాబట్టి ఉపకారవేతనం అక్కరలేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఫీజు లేనంత మాత్రాన నోటు పుస్తకాలకూ, బూట్లకూ, ఆటో కిరాయికీ డబ్బు అక్కరలేదనుకోవడం బడికి పిల్లల్ని పంపే పేదతల్లి ఎవరూ చెప్పని మాట. మరుసటి నెలలోనే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను రద్దు చేస్తున్నట్టు లోక్‌సభలో ప్రకటించారు. విదేశీ విద్యారుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చే ‘పఢో పర్‌దేశ్’ కూడా ఆ ఆర్థిక సంవత్సరంలోనే ఆగిపోయింది. 1989లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని 2024 ఫిబ్రవరిలో ఆదేశాలు వెలువడ్డాయి. ఇక బోధన రుసుముల బకాయిలు పేరుకుపోవడం, కళాశాలలు విద్యార్థుల ధ్రువపత్రాలను తమ దగ్గరే ఉంచుకోవడం తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ అందరికీ తెలిసిన సంగతే. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు, విదేశీ చదువులకు 20 లక్షల రూపాయల సాయం ఉన్న మాట నిజం. అయితే గురుకులానికీ విదేశీ విశ్వవిద్యాలయానికీ మధ్య పాలిటెక్నిక్, నర్సింగ్, బీఎడ్, మామూలు డిగ్రీ అనే పెద్ద మైదానం ఒకటున్నది. పిల్లలు చదువు మానేస్తున్నది అక్కడే.

పరుగెత్తి డబ్బు అడగడమేమిటి, ఇదేదో పాశ్చాత్య వేడుక కదా అన్న పెద్దలూ ఉన్నారు. టెర్రీ ఫాక్స్ అనే కెనడా యువకుడి సంగతి వారు ఒకసారి ఆలోచించాలని మనవి. ఎముక క్యాన్సర్‌తో ఒక కాలు పోగొట్టుకున్న ఆ యువకుడు క్యాన్సర్ పరిశోధన నిధి కోసం 1980 ఏప్రిల్‌లో కృత్రిమ కాలితో దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగు మొదలుపెట్టాడు. దేశంలోని ప్రతి మనిషి నుంచి అతడు కోరింది ఒక్క డాలరు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక వ్యాధి ఊపిరితిత్తులకు పాకి ఆగిపోవలసి వచ్చింది. 1981 జూన్‌లో, 22 ఏళ్ల వయసులో మరణించాడు. అప్పటికే నిధి 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. అంటే ఆనాటి కెనడా జనాభాలో తలకు ఒక డాలరు. పరుగు పూర్తి కాలేదు గదా అని ఎవరూ చందా వెనక్కి అడగలేదు. చందా ఇచ్చేవారు కిలోమీటర్లను కొనుక్కోవడం లేదు. అడిగే మనిషి తన ఒంటిని కష్టపెట్టుకొని మరీ అడుగుతున్నాడన్న సంగతిని గౌరవిస్తున్నారు. ఇందులో పాశ్చాత్యమంటూ ఏదీ మాకు కనబడలేదు.

సదుద్దేశం కోసం బహిరంగంగా అడగడం మన చరిత్రకు కొత్త కాదు. తబూక్ దండయాత్ర సమయంలో దైవప్రవక్త (స) నలుగురిలో చందా కోరగా హజ్రత్ ఉమర్ (ర) తన సంపదలో సగం, హజ్రత్ అబూబక్ర్ (ర) ఉన్నదంతా తెచ్చి ఇచ్చిన ఉదంతం ప్రతి శుక్రవారం ఏదో ఒక మసీదులో వింటూనే ఉంటాం. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్ కళాశాల కోసం ఎక్కని గడప లేదు. వయసు పైబడిన తరువాత కూడా విద్యార్థుల నిధి కోసం రంగస్థలం ఎక్కడానికి ఆయన వెనకాడలేదు. ఆయనకు చందా ఇచ్చినవారిలో హైదరాబాద్ దివాను సాలార్‌జంగ్ ఉన్నారు, సిక్కు సంస్థానమైన పటియాలా మహారాజు ఉన్నారు. 1920లో పుట్టిన జామియా మిల్లియా డబ్బు లేక మూతపడే స్థితికి వచ్చినప్పుడు, దాని కోసం భిక్షాపాత్ర పట్టడానికైనా సిద్ధమని చెప్పినవారు మహాత్మా గాంధీ. మన హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్, ఆయన సహచరులు 20 ఏళ్ల పాటు నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోబోమని ప్రతిన బూని ఆ సంస్థను నిలబెట్టారు. ‘హమ్‌దర్దానె జామియా’ పేరుతో సామాన్యుల నుంచి చిన్న చిన్న మొత్తాలు పోగుచేశారు. ఆ మహానుభావులెవరికీ తోటి పౌరులను అడగడం చిన్నతనంగా తోచలేదు.

మరి ఈ తరానికి ఆ బెరుకు ఎక్కడిది? కారణం మనందరికీ తెలుసు. అద్దెకు ఇల్లు అడిగితే పేరు విని లేదన్నవారిని చూసిన యువకుడు, కార్యాలయ వాట్సాప్ బృందంలో ఎన్నికల వేళ వచ్చే సందేశాలను మౌనంగా చదివి ఊరుకున్న యువతి, అదే బృందంలో మన పిల్లల కోసం చందా అడగాలంటే తటపటాయించడం సహజమే. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. అయితే పక్క కుర్చీలో నాలుగేళ్లుగా కూర్చున్న సహోద్యోగి ఇవ్వడని అడగకముందే తీర్మానించుకోవడం అతడిపట్ల కూడా అన్యాయమే. అడిగితే ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ఆ నిర్ణయం అతడిది. అడగకుండా వదిలేస్తే ఆ అవకాశమే అతడికి లేకుండా పోతుంది. ‘ముస్లిం’ అన్న మాట దాచి డబ్బు సేకరిస్తే ఇంకా ప్రమాదం. సంగతి తరువాత బయటపడితే మోసగించారన్న మాట పడుతుంది. అంతకంటే ముఖ్యంగా, మన పిల్లల పేరు చెప్పుకోవడానికి మనమే వెనుకాడితే వారి హక్కుల గురించి చట్టసభలనూ న్యాయస్థానాలనూ ఏ ముఖంతో అడుగుతాం?

అదే నిధి నుంచి ఆ తరగతిలోనే చదివే పేద దళిత విద్యార్థినికి, బీసీ విద్యార్థికి కూడా సాయం చేయాలని ఎవరైనా నిర్ణయించుకుంటే మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తాం. ఎవరికి ఇస్తున్నారో ముందే చెప్పాలి, అంతే. మరొక ప్రశ్న కూడా మనల్ని మనం వేసుకోవాలి. సహోద్యోగి ఎవరో క్యాన్సర్ ఆసుపత్రి కోసమో, వరద బాధితుల కోసమో పరుగెడుతున్నానని సందేశం పెట్టినప్పుడు మనం ఎంత ఇచ్చాం? రంజాన్‌లో హలీం, బక్రీదుకు బిర్యానీ డబ్బాలు పంచడంలో మనకు ఎవరూ సాటిరారు; పొరుగువారి చందా పుస్తకంలో మాత్రం మన పేర్లు తక్కువ.

ఇక ఎలా అడగాలన్నది. విభాగాధిపతి తన కింద పనిచేసేవారిని అడగకూడదు. అడిగితే అది చందా కాదు, వసూలు. ఒకసారి సందేశం పంపాలి, గడువు ముగిసేలోగా ఒకసారి గుర్తుచేయాలి, తరువాత వదిలెయ్యాలి. ఎవరు ఎంత ఇచ్చారో జాబితా వేసి నలుగురిలో పెట్టడం ఇవ్వలేనివారిని అవమానించడమే. పరుగులో పేరు నమోదుకు కట్టే రుసుము నిర్వాహకులకు వెళుతుంది గనుక దానిని పరుగెత్తేవారు సొంత జేబు నుంచి కట్టుకోవాలి. చొక్కాలు, బ్యానర్లు, ఫొటోల ఖర్చు చందాలోంచి తీయడం తగదు.

జకాత్ విషయం వేరుగా చెప్పాలి. ముస్లిమేతర సహోద్యోగి ఇచ్చేది జకాత్ కాదు, సాధారణ విరాళం. ముస్లిం దాతల్లో కొందరు తమ జకాత్‌నే ఇందులో ఇస్తామంటారు. దివ్యఖుర్ఆన్ జకాత్‌కు ఎనిమిది పద్దులు నిర్దేశించింది. ఆ సొమ్ము అర్హుల చేతికే చేరాలి. ఇతర ఖర్చులతో కలవకూడదు. కాబట్టి ఇచ్చేటప్పుడే అడిగి, రెండు లెక్కలు విడివిడిగా రాయాలి. ఇది కష్టమనుకునేవారు జకాత్ తీసుకోకపోవడమే మేలు.

డబ్బును సొంత బ్యాంకు ఖాతాలోకి తీసుకోవడం మేము సిఫారసు చేయం. పద్ధతి ప్రకారం నమోదైన ట్రస్టు ఖాతాలోకి నేరుగా వెళ్లేలా చూస్తే అడిగినవారికీ నింద తప్పుతుంది. ఆ ట్రస్టుకు 80జి అనుమతి ఉంటే పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు రాయితీ లభిస్తుంది. రెండు వేలు దాటిన నగదుకు మాత్రం వర్తించదు. విదేశాల్లోని బంధుమిత్రులను అడిగేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం ఉండి బయట పనిచేస్తున్నవారు తమ సంపాదనలోంచి పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపితే వస్తుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు కాని సంస్థ ఆ డబ్బు తీసుకోకూడదు. గల్ఫ్‌లో ఉన్న మన కార్మిక సోదరులకు చందా సందేశాలు పంపి అక్కడ పంచమనడం వారిని ఆపదలోకి నెట్టడమే. అనుమతి పొందిన సంస్థలు తప్ప వ్యక్తులు విరాళాలు పోగుచేయడం యూఏఈలో నేరం. అక్కడ కష్టపడి కుటుంబాన్ని పోషిస్తున్న సోదరుడిని మన ఉత్సాహానికి బలిపెట్టకూడదు.

మహిళలు పరుగెత్తవచ్చునా అని కూడా కొందరు అడిగారు. 2025 అక్టోబరులో తూర్పు లండన్ మసీదు వారి దాతృత్వ పరుగులో పురుషులకు, బాలురకు, 12 ఏళ్లలోపు బాలికలకు మాత్రమే చోటిచ్చారన్న విషయం అక్కడ పెద్ద వివాదమైంది. ఆ విమర్శల వెనుక ఇస్లాం పట్ల ద్వేషం కూడా కొంత ఉన్నదని మాకు తెలుసు. అయినా ఆ నిబంధన మాకు సమ్మతం కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసుకున్నారని, ఒకసారి ఆమె, మరోసారి ఆయన గెలిచారని హదీసు గ్రంథాల్లో ఉన్నది. హిజాబ్ ధరించి పరుగెత్తదలచిన మన సోదరీమణులకు ఇంతకంటే ఆధారం ఏం కావాలి?

ఈ ప్రయత్నాల పరిమితి ఎంతో కూడా లెక్క వేసుకోవాలి. యాభై మంది సహోద్యోగులు తలకు అయిదు వందలిస్తే వచ్చేది 25 వేలు. రద్దయిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌లో ఒక పరిశోధక విద్యార్థికి ఒక్క నెలకు అందిన మొత్తం 31 వేలు. 2014-15 నుంచి 2021-22 వరకు ఆ పథకం కింద 6,722 మందికి 738.85 కోట్ల రూపాయలు ఇచ్చినట్టు పార్లమెంటుకు ప్రభుత్వమే తెలిపింది. ఎన్ని కాళ్లు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తినా ఆ గోతిని పూడ్చలేవు. ఒక నర్సింగ్ విద్యార్థిని పరీక్ష ఫీజు, ఒక పాలిటెక్నిక్ కుర్రాడి హాస్టల్ బకాయి మాత్రం తీరతాయి. అందుకు చందా అడుగుదాం. పథకాల పునరుద్ధరణను పన్ను కట్టే పౌరులుగా ప్రభుత్వాన్ని అడుగుదాం. చందా సందేశంలోనే రద్దయిన పథకాల పేర్లు రెండు వాక్యాల్లో రాస్తే, డబ్బివ్వని సహోద్యోగికి కూడా ఆ సంగతి తెలుస్తుంది. చాలామందికి తెలియదన్నది మా అనుభవం.

ఈ ఏడాది పరుగెత్తి నిధి సేకరించినవారు వసూలైన మొత్తం, ఖర్చు, సాయం పొందిన విద్యార్థుల సంఖ్య, ట్రస్టు రసీదుల నకళ్లు మాకు పంపితే ఆ లెక్కలను వచ్చే సంచికల్లో ఉచితంగా ప్రచురిస్తాం. దాతల పేర్లు గానీ, విద్యార్థుల పేర్లు, ఫొటోలు గానీ వేయము.