పిలాతు చేతులు కడుక్కుంటే సరిపోయిందా?

2025 జనవరి నెలాఖరులో కాంగో దేశంలోని గోమా నగరం ఎం23 తిరుగుబాటుదారుల వశమైంది. ఐక్యరాజ్యసమితి శాంతిపరిరక్షక సేన 1999 నుంచీ ఆ దేశంలో ఉంది. వేలాదిమంది సైనికులు, వారితోపాటు మన భారతీయ జవాన్లు కూడా ఉండగానే నగరం చేజారింది. లక్షలాదిమంది పిల్లాపాపలతో, నెత్తిన మూటలతో రోడ్డున పడ్డారు. ఇంత సైన్యం ఉండి ఏం లాభం? ఈ ప్రశ్నకు జవాబు వెదకాలంటే గోమా సరిహద్దు దాటి, పక్కనే ఉన్న రువాండా దేశంలో ముప్పై ఏళ్ల క్రితం ఏం జరిగిందో చూడాలి.

1994 ఏప్రిల్ 6 రాత్రి రువాండా అధ్యక్షుడు హబ్యారిమానా ప్రయాణిస్తున్న విమానాన్ని కూల్చేశారు. ఆ తర్వాత సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షలమందిని నరికి చంపారు. వారిలో అత్యధికులు టుట్సీ తెగవారు, వారి పక్షాన నిలిచిన హుటూలూ కొందరున్నారు. చంపినవారిలో చాలామంది ఇరుగుపొరుగువారే! అప్పుడక్కడ శాంతిసేన లేదా అంటే, ఉంది. దాదాపు 2,500 మంది సైనికులున్నారు. వారి అధిపతి, కెనడాకు చెందిన జనరల్ రోమియో డలేర్, మూడు నెలల ముందే, అంటే జనవరి 11న, ప్రమాదాన్ని పసిగట్టి న్యూయార్క్‌లోని సమితి కార్యాలయానికి సందేశం పంపాడు. ఆయుధాలు దాచారని, టుట్సీల పేర్లు రాసుకుంటున్నారని, ఆ ఆయుధాలను తాను స్వాధీనం చేసుకుంటానని తెలిపాడు. అది మీకిచ్చిన అధికార పరిధిలో లేదన్నది ఆయనకు వచ్చిన జవాబు!

మారణకాండ మొదలవగానే పదిమంది బెల్జియం సైనికులు హతమయ్యారు. బెల్జియం తన సేనను వెనక్కి పిలిచింది. పాశ్చాత్య దేశాల విమానాలు కొద్ది రోజుల్లోనే దిగాయి, కాని తమ పౌరులను ఎక్కించుకొని వెళ్లిపోయాయి. రాజధాని కిగాలీలోని ఒక సాంకేతిక పాఠశాలలో సుమారు 2,000 మంది బెల్జియం సైనికుల నీడన తలదాచుకున్నారు. ఏప్రిల్ 11న ఆ సైనికులు ట్రక్కులెక్కి వెళ్లిపోయారు. హంతకులు గేటు బయటే కాచుకొని ఉన్నారు. ఆ ప్రజల్లో అత్యధికులు ఆ రోజే హతమయ్యారు. ఏప్రిల్ 21న భద్రతామండలి సమావేశమైంది. సేనను పెంచడానికి కాదు, 270 మందికి కుదించడానికి! మే 17న మనసు మార్చుకొని 5,500 మందిని పంపాలని తీర్మానించింది కాని, వారు చేరేసరికి చంపడానికి మనుషులే మిగల్లేదు.

ఈ వృత్తాంతం చదివినప్పుడల్లా పిలాతు గుర్తొస్తాడు. యేసు నిర్దోషి అని అతనికి తెలుసు. భార్య ముందే హెచ్చరిక పంపింది. అధికారముంది, ఆజ్ఞకు సిద్ధంగా సైనికులున్నారు. అతనికి లేనిదల్లా న్యాయం కోసం నష్టపోయే మనసు. అందుకే నీళ్లు తెప్పించుకొని జనం ఎదుట చేతులు కడుక్కున్నాడు (మత్తయి 27:19-24). ఆ నీళ్లతో అతని చేతులు శుభ్రమయ్యాయేమో గాని, రెండు వేల ఏళ్లుగా సంఘం తన విశ్వాస ప్రమాణంలో అతని పేరు చెబుతూనే ఉంది!

శాంతిసేనల పరిమితి ఏమిటో కూడా న్యాయంగా ఒప్పుకోవాలి. సమితికి సొంత సైన్యం లేదు. సభ్యదేశాలు పంపితేనే సైనికులు, చెల్లిస్తేనే డబ్బు, భద్రతామండలి చెబితేనే అధికారం. పోరాడే పక్షాలు రాజీకి వచ్చిన చోట ఈ సేనలు మేలే చేశాయి. లైబీరియాలో 2003లో శాంతి ఒప్పందం కుదిరాక వెళ్లిన సేన 2018లో పని ముగించుకొని తిరిగొచ్చింది. మన దేశపు మహిళా పోలీసు దళం 2007 నుంచి అక్కడ సేవలందించింది. అంటే, ఉన్న శాంతిని కాపాడడం శాంతిసేనకు సాధ్యమే. లేని శాంతిని పుట్టించడం దానివల్ల కాదు. అందుకే ప్రభువు సమాధానపరచువారిని ధన్యులన్నాడు (మత్తయి 5:9). సమాధానపరచడమంటే విరోధుల మధ్యకు వెళ్లి నిలబడడం. అలా దేవునికీ మనకూ మధ్య నిలిచిన ప్రభువు తన సిలువ రక్తంతో మూల్యం చెల్లించాడు (కొలొస్స 1:20).

సమితిని తప్పుపట్టడం తేలికే. మరి సంఘం? రువాండాలో అప్పటికి దాదాపు తొంభై శాతం ప్రజలు క్రైస్తవులు. 1930లలో తూర్పు ఆఫ్రికా అంతటినీ కదిలించిన ఉజ్జీవం ఆ దేశంలోని గహినిలోనే రగిలింది. అయినా చర్చి భవనాలే వధ్యస్థలాలయ్యాయి. ముగొనేరోలో ఆశ్రయం పొందిన టుట్సీ పాస్టర్లు తమను కాపాడమని తమ సంఘ అధ్యక్షుడైన పాస్టర్ ఎలిజాఫాన్ ఎన్టకిరుటిమానాకు ఉత్తరం రాశారు. వారికి రక్షణ దొరకలేదు. జాతిహననానికి తోడ్పడ్డాడని అంతర్జాతీయ క్రిమినల్ ట్రిబ్యునల్ 2003లో ఆయనకు పదేళ్ల శిక్ష విధించింది. ఇది ఒక్క శాఖ పాపం కాదు. రువాండాలో కేథలిక్ సంఘం చేసిన పాపాల నిమిత్తం పోప్ ఫ్రాన్సిస్ 2017లో దేవుని క్షమాపణ వేడుకున్నాడు. ఒక పాస్టర్‌గా ఈ సంగతి రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది. బాప్తిస్మపు నీళ్లు కూడా కొందరికి పిలాతు పళ్లెంలో నీళ్లే అయ్యాయా?

ఆ చీకట్లోనూ ఒక దీపం వెలిగింది. సెనెగల్‌కు చెందిన కెప్టెన్ ఎంబాయే డియాన్యే సమితి తరఫున వెళ్లిన నిరాయుధ పరిశీలకుడు. ప్రజలను తరలించే ఆజ్ఞ ఆయనకు లేదు. అయినా తన వాహనంలో కొద్దికొద్దిమందిని ఎక్కించుకొని, దారిలో అడ్డగించే హంతకులను నవ్వుతూ, బతిమాలుతూ, సిగరెట్లు పంచుతూ దాటించి వందలాదిమందిని రక్షించాడు. 1994 మే 31న మోర్టారు గుండుకు బలయ్యాడు. భద్రతామండలి 2014లో ఆయన పేరిట ధైర్యసాహసాల పతకం నెలకొల్పింది. ఆయన ముస్లిం! యాజకుడు, లేవీయుడు తప్పుకొని వెళ్లిన దారిలో సమరయుడు ఆగాడని ప్రభువు చెప్పిన ఉపమానం (లూకా 10:30-37) కిగాలీ వీధుల్లో మళ్లీ జరిగింది.

బెల్జియం పాలకులు 1930లలో ప్రవేశపెట్టిన గుర్తింపు కార్డుల్లో హుటూనా, టుట్సీనా అని రాసేవారు. 1994లో రోడ్డు మీద ఆ కార్డు చూసే ప్రాణం తీశారు. మన చేతుల్లో అలాంటి కార్డులు లేవు. కాని పెళ్లి సంబంధం కుదిర్చేటప్పుడు, సంఘపెద్దల ఎన్నికలప్పుడు ‘మనవాళ్లేనా?’ అని అడిగే విశ్వాసి జేబులో కనపడని కార్డు ఒకటి ఉన్నట్టే కదా! ఎక్కడో జరిగే యుద్ధాలు ఆగాలని ప్రార్థిద్దాం, సైనికుల క్షేమం కోసమూ ప్రార్థిద్దాం. కాని పక్కింటివాడికి అన్యాయం జరుగుతుంటే అది మన పరిధిలోది కాదంటూ తలుపు వేసుకొని చేసే ప్రార్థన దేవుడు వింటాడా? ఆదివారం ప్రభురాత్రి భోజనానికి చెయ్యి చాపేముందు ఆ చెయ్యి ఎవరిని ఆదుకుందో, ఎవరిని వదిలేసిందో ఒక్కసారి చూసుకుందాం.