ఏ తూటా మంచిదండీ?

మా పెదమావగారింటి హాల్లో, గుమ్మం పైన కణుజు కొమ్ములున్నాయి. ఎవరొచ్చినా ముందు వాటి కథ, తరవాతే కాఫీ. "కణుజంటే మాటలా! పోతు రెండొందల కిలోలు దాటుతుంది. పన్నెండు బోరూ ఎల్.జి. గుళ్లూ చాలవు. త్రీ నాట్ త్రీ, అదీ మెత్తముక్కు తూటా ఉండాలి" అని మొదలెడతారు. దొరలు దీన్ని ఎల్క్ అనేవారట. ఎల్క్ మన దేశంలోనే లేదు. పేరు పెట్టడంలోనే గురి తప్పినవాళ్ల దగ్గర మనవాళ్లు గురి నేర్చుకున్నారు!

ఆయన చెప్పేది అబద్ధం కాదు. గట్టి తూటా ఒంట్లోంచి దూసుకుపోతుంది, మెత్తముక్కుది లోపల పుట్టగొడుగులా విచ్చుకుని తొందరగా చంపుతుంది. చిన్న గుళ్లు తగిలితే గాయంతో పారిపోయి ఏ గెడ్డ పక్కనో కొట్టుకుని కొట్టుకుని చస్తుంది. కాని 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు కణుజును కొట్టడమే నేరం. ఇంకా ఏ తూటా మంచిదన్న చర్చేమిటి?

అరకు కొండల్లో అలా కాదంటారా? నిజమే, అక్కడ ఇటుకల పండక్కి మగవాళ్లు వేటకెళ్లడం ఆచారం. ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. విని నేనూ నవ్వాను. నాటుతుపాకీ సంగతి తెలిశాక నవ్వు రాలేదు. దానికి తూటా ఎంపికే లేదు. గొట్టంలో మందు కూరి, సీసం ముక్కలో సైకిలు బేరింగు గుళ్లో, ఏది దొరికితే అది దట్టిస్తారు. పొదలో కదిలింది మెకమనుకుని పేలిస్తే తోటి మనిషి పడిపోయిన సందర్భాలున్నాయి.

అలాగని కొండవాళ్లనొక్కళ్లనే ఆడిపోసుకోకండి. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో పోడు కొట్టడం నేరమైపోయింది. దొరలూ జమీందార్లూ లైసెన్సు పుచ్చుకుని వేటాడితే మాత్రం వినోదం!

సరే, ఆ మాంసం వండేదెవరు? పిల్లల కంచంలో వడ్డించేదెవరు? సీసం ఎముకకి తగిలిందంటే కంటికానని రవ్వలుగా కండలోకి చెదిరిపోతుంది. ఎంత కడిగినా, ఎంత ఉడికించినా పోదు. పసిపిల్లల మెదడుకి చేటు. మావగారు మెచ్చుకునే మెత్తముక్కు తూటాలో ఉండేదీ ఆ సీసమే! అందుకే కొన్ని దేశాల్లో వేటగాళ్లు రాగి తూటాలకి మారుతున్నారు. హాల్లో ఇన్నేళ్లుగా సాగుతున్న చర్చలో వంటింటి మాట ఒక్కసారైనా వచ్చిందా?

మొన్న సంక్రాంతికి ఉండబట్టలేక అడిగేశాను. "పెదమావయ్యగారూ, కణుజు కొమ్ములు వాటంతటవే రాలిపోయి మళ్లీ మొలుస్తాయటగా. మరి కొమ్ముల కోసం తూటా ఎందుకండీ?"

కాఫీ చల్లారిపోయింది, వేడి చేసి తెమ్మన్నారు.