గొట్టం ఎత్తయితే చాలునా?



రామగుండం మీదుగా రైలులో వెళ్లినవారు ఆ పొగ గొట్టాలను చూచేయుంటారు. పాల్వంచ వద్దనైనా, ఇబ్రహీంపట్నం వద్దనైనా, పరవాడ వద్దనైనా దూరంనుండి ముందు కనబడేవి అవే. 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ అయితే గొట్టం 275 మీటర్ల ఎత్తు ఉండాలని మన దేశంలో చాలాకాలంగా ఉన్న నియమం. పొగ క్రింది ఇళ్లమీద పడకుండా పైగాలిలో కలిసిపోవాలని అలా పెట్టారు. పైగాలిలో కలిసిన తరువాత అది ఎక్కడికి పోతుంది? ఈ నెల ఆ సంగతి కొంచెం ఆలోచిద్దాము.

బొగ్గు కాలితే వచ్చే బూడిదను పట్టే యంత్రాలు గొట్టానికి ముందే ఉంటాయి. అందుకే ఇప్పటి పొగ పూర్వమంత నల్లగా ఉండదు, చూచినవారు ఫరవాలేదనుకుంటారు. గాని బొగ్గులో గంధకం కూడా ఉంటుంది. మిరప తోటకు బూడిద తెగులు వస్తే మనం చల్లే గంధకమే అది. అది కాలి సల్ఫర్ డయాక్సైడ్ అనే వాయువవుతుంది. కంటికి కనబడదు, బూడిద పట్టే యంత్రానికి చిక్కదు. మన బొగ్గులో గంధకం తక్కువ, సుమారు అర శాతమే అని ప్రభుత్వం చెప్పే మాట నిజమే. అయితే 1000 మెగావాట్ల కేంద్రం పూర్తిగా నడిస్తే రోజుకు ఇంచుమించు 15 వేల టన్నుల బొగ్గు కాలుతుంది. అందులో అర శాతమంటే 75 టన్నుల గంధకం. ప్రాణవాయువుతో కలిసేసరికి దాని బరువు రెట్టింపై 150 టన్నుల వాయువు అవుతుంది. ఇదంతా ఒక్క రోజుకే! (ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు, హైస్కూలు పిల్లవాడు కూడ వేయగలడు.)

దీనిని ఆపే ఉపాయం కొత్తదేమీ కాదు. గొట్టంలోనికి పోకముందే పొగ మీద సున్నపురాయి పొడి కలిపిన నీళ్లు చల్లితే గంధకం అందులో చిక్కి జిప్సం అవుతుంది. వేరుశెనగకు మనం వేసే జిప్సం వంటిదే. సిమెంటు తయారీకి కూడ పనికివస్తుంది.

2015 డిసెంబరు 7న కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ విద్యుత్ కేంద్రాల గంధకపు వాయువుకు మొదటిసారి పరిమితి పెట్టింది. పాత కేంద్రాలకు రెండేళ్లు గడువిచ్చింది. 2017 వచ్చింది, పని కాలేదు. గడువు 2022కు జరిగింది. 2021లో కేంద్రాలను మూడు తరగతులుగా విడదీసి 2022, 2023, 2024 అన్నారు. 2022లో మరి రెండేళ్లు కలిపారు. 2024 డిసెంబరులో ఇంకొక మూడేళ్లు. అప్పు తీర్చవలసినవాడు ఇన్నిసార్లు వాయిదా అడిగితే మన ఊరి పెద్దలు ఏమందురో మీకు తెలుసు. ఇక్కడ వాయిదా ఇస్తూ వచ్చినది కావలి కాయవలసిన శాఖే. తుదకు 2025 జూలై 11న దేశంలోని బొగ్గు యూనిట్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ నియమంనుండి మినహాయించింది. వాటికి మిగిలిన షరతు ఏమిటంటే, గొట్టం తగినంత ఎత్తు ఉండాలి!

మినహాయింపు ఎవరికి దక్కిందో గమనించండి. ఢిల్లీ ప్రాంతానికిగాని, పది లక్షలు దాటిన నగరానికిగాని 10 కిలోమీటర్లలోపు ఉన్న కేంద్రాలు 2027 చివరికి యంత్రం పెట్టవలసిందే. కాలుష్యం మితిమీరినదని గుర్తించిన ప్రాంతాలకు, గాలి ప్రమాణం తప్పిన నగరాలకు దగ్గరున్నవాటిని ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. మిగిలినవన్నీ మినహాయింపే. మిగిలినవంటే పల్లెల ప్రక్కన ఉన్నవే గదా! ప్రమాణం తప్పిన నగరాల జాబితా ఉన్నది గాని, అటువంటి పల్లెల జాబితా ఎక్కడా లేదు. గాలిని కొలిచే కేంద్రాలు ఎక్కువగా పట్టణాల్లోనే ఉంటే పల్లె పేరు ఆ జాబితాలోకి ఎలా ఎక్కుతుంది?

ప్రభుత్వం చెప్పే కారణాలను కొట్టిపారవేయకూడదు. మెగావాటుకు కోటి రూపాయలకు పైగా ఖర్చు, దానివలన కరెంటు చార్జీ పెరగడం, సున్నపురాయి త్రవ్వకం, రవాణా – ఇవన్నీ ఉన్నవే. పేదవాని బిల్లు పెరగడం చిన్న సంగతి కాదు. గాలిలో ఈ వాయువు పరిమితికి లోబడే ఉన్నదన్నది వారి మరొక వాదన. అయితే వాయువు వాయువుగా నిలిచియుండదు. గాలిలో మారి, మన పొలాల్లోని యూరియానుండి, పశువుల పేడనుండి లేచే అమ్మోనియాతో కలిసి అతి సన్నని ధూళి అవుతుంది. వందల కిలోమీటర్లు పోతుంది. ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది, ఉబ్బసం ఉన్న పిల్లలను, గుండె జబ్బున్న పెద్దలను బాధిస్తుంది. వాయువును మాత్రమే కొలిచి తక్కువ ఉన్నదనడం, పాలు పెరుగైన తరువాత ఇంట్లో పాలు లేవనడం వంటిదే. చార్జీ తగ్గితే ఆ తగ్గింపు బిల్లులో కనబడుతుంది. ఆసుపత్రికి అయిన ఖర్చు ఎవరి బిల్లులోనూ కనబడదు.

మన రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు కేంద్రం చెప్పినట్లు చేయడం తప్ప ఏమి చేయగలవని కొందరు అంటారు. అది సరికాదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాలలో మూడవ నియమం ప్రకారం, స్థానిక పరిస్థితిని బట్టి, కారణాలు వ్రాసి, ఒక పరిశ్రమకు కేంద్రం పెట్టినదానికంటె కఠినమైన పరిమితిని రాష్ట్ర మండలి పెట్టవచ్చును. కేంద్రం సడలించినంత మాత్రాన ఆ అధికారం పోలేదు.

మీ దగ్గరి కేంద్రానికి కొత్త యూనిట్ కలుపుతామన్నప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగుతుంది. జిల్లా కలెక్టరుగాని, ఆయన తరఫున పై అధికారిగాని అధ్యక్షత వహిస్తారు. అక్కడ ఉద్యోగాలు, భూమి పరిహారం అడుగుతారు, అడగవలసినదే. వాటితోపాటు రెండు ప్రశ్నలు కాగితం మీద వ్రాసి ఇవ్వండి: గంధకం పట్టే యంత్రం పెడతారా లేదా? మా ఊరిలో గాలిని కొలిచే యంత్రం ఎక్కడ పెడతారు? ఆ ప్రశ్నలు సభ నివేదికలో చేరినవో లేదో చూచి, దాని నకలు అడిగి తీసుకొనండి.